ఎడ్లు లాగిన ఫైరింజన్

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు రాని పనంటూ లేదనుకునేవాణ్ణి. ఆ ధీమా అంతా ఎటు పోయిందో ఇప్పుడు! టేకులపల్లి దగ్గర బొగ్గు గని వర్క్‌షాపులో ఫిట్టర్‌ని అప్పుడు. షెడ్డులో తుప్పు పట్టి పడున్న గుర్రాల ఫైరింజన్‌ని (మోటార్లు రాకముందు మంటలార్పడానికి గుర్రాలతో లాగించిన బండి) బాగుచేసే పని మా ఉస్తాద్‌కి అప్పగించారు. ఆయన ఆ నెలాఖరుకే రిటైర్ అవుతున్నాడు. "దిగిపోయేలోపు ఒక్కసారన్న దాని మీద కూసొని పోతాంటె గంట కొట్టాల్రా పిలగా" అనేవాడు. ఆ కోరిక ఎలాగైనా తీర్చాలని మాకందరికీ ఒకటే ఆరాటం.

ఇత్తడి గంటను చింతపండుతో తోమాం. నీళ్ల పంపు విప్పి బిగించాం, చక్రాలకు ఎర్ర రంగు పూశాం. గుర్రాల్ని కట్టే ముందుభాగం మాత్రం చెదలు తినేశాయి. పక్క ఊరి వడ్రంగి మామ టేకు దుంగతో నున్నగా నొగ చెక్కి, కొసన అడ్డంగా కాడి బిగించాడు. "అబ్బ, ఏం కుదిరింది మామా!" అని అందరికంటే ముందు మెచ్చుకున్నది నేనే.

ఉస్తాద్‌ని దాని మీద ఊరేగిద్దామనుకున్న రోజు ఖమ్మం నుంచి పెళ్లి గుర్రాలు రెండు కిరాయికి వచ్చాయి. వాటి యజమాని కాడి చూసి నోరెళ్లబెట్టాడు. "ఏందన్నా ఇది? ఎడ్లబండి చేసిండ్రేంది? గుర్రం మెడ మీద కాడి ఆగుతదా?" ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పుట్టి బుద్ధెరిగాక ఎడ్లబండి తప్ప ఎరగని వాళ్లం, మా చేతులకు ఇంకేం వస్తుంది! ఉస్తాద్ మొహం చిన్నబోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"గుర్రాలు గాకుంటె పాయె, నా ఎడ్లున్నయి గద" అంటూ వడ్రంగి మామ తన జతను తోలుకొచ్చి కట్టాడు. ఉస్తాద్ పైకెక్కి గంట అందుకున్నాడు. అది ఖంగుఖంగున మోగుతుంటే ఎడ్లు మాత్రం పొలం నుంచి ఇంటికొస్తున్నట్టు తీరిగ్గా నడిచాయి. కాంటీన్ దగ్గర ఎవరో "యాడ అంటుకున్నది ఉస్తాద్?" అని అరిచారు. "మేం పోయేసరికి అదే ఆరిపోతది, ఆగమాగం గాకు!" అన్నాడాయన. నవ్వలేక చచ్చాం. గేటు దాకా పోయి తిరిగొచ్చాక కూడా ఆయన దిగలేదు. "ఇంకో చుట్టు కొడ్దామారా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. కాంటీన్‌లో ఆయన కోసం విందు వండించి పెట్టాం. "బగారన్నం సల్లారుతది ఉస్తాద్, రేపు కొడ్దాం, దిగుండ్రి" అన్నాను.

మర్నాడే బండిని ఆఫీసు ముందు దిమ్మె మీదికెక్కించి చక్రాలు కదలకుండా సిమెంటు పోసేశారు. ఉస్తాద్ రిటైరై మధిరలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు లేడు. నేనూ రిటైరయ్యాను. మొన్న అటు వెళ్లి, ఎవరూ చూడట్లేదనుకుని ఆ బండి సీటెక్కి కూర్చుంటే సెక్యూరిటీ అతను "ఓ పెద్దమనిషీ, దిగు, పడ్తవ్!" అని కసిరాడు. నవ్వొచ్చింది. ఉస్తాద్ ఎంతగా గుర్తొచ్చాడో చెప్పలేను. బగారన్నం చల్లారితే చల్లారేది, ఆ రోజు ఇంకో చుట్టు కొట్టి ఉండాల్సింది.