మా తాత సీటు బెల్టు

ప్రభుత్వం మనిషి జోలికి రాకూడదని మా తాత ఓరిన్ టిల్టన్ ముప్పై ఏళ్లుగా రేడియోలో తన కార్యక్రమంలో అరుస్తున్నాడు. మీసాల నిండా డోనట్ చక్కెర పొడి, నోటి నిండా స్వేచ్ఛ. అమెరికాలో మా న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో పెద్దవాళ్లకు సీటు బెల్టు తప్పనిసరి కాదు. "నా కారు, నా ఛాతీ, మధ్యలో వాళ్లెవరు?" అని బల్ల గుద్దేవాడు.

వారం వారం కాంకర్డ్ ఊరి నుంచంటూ మేబెల్ అనే ముసలావిడ ఫోన్ చేసేది. "బెల్టు పెట్టుకుంటే నీ స్వేచ్ఛేం అరిగిపోదు కదయ్యా!"

"మా ఆవిడే అడగదు, నీకెందుకమ్మా?" అని తాత రెచ్చిపోయేవాడు.

మా వంటింట్లో ముక్కు మూసుకుని మాట్లాడే అమ్మమ్మ వెర్నాయే ఆ మేబెల్. తాతకు తెలియదనే అనుకున్నాం.

చలికాలంలో అమ్మమ్మ పోయింది. ఆ తర్వాత తాతకు ఫోన్ చేసే దిక్కు లేదు. ఇలాగైతే కార్యక్రమం తీసేస్తామని స్టేషన్‌వాళ్లు చెప్పేశారు. నిన్న మోగని ఫోను ముందు తాత మాటలు తడుముకుంటుంటే వినలేక, నేనే ముక్కు మూసుకుని ఫోన్ చేశాను. "ఏమయ్యా, ఇంకా బెల్టు పెట్టుకోవట్లేదా?"



"పెట్టుకుంటాలే వెర్నా," అన్నాడు తాత.