నా పిక్కలు, మా ఏరాలి పాదాలు

మా ఊళ్లో నా పిక్కలకు పేరుంది. గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, ఉన్న మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు తవ్వే రోజుల్లో పొద్దంతా గొంతుక్కూర్చుని కొమ్ములు విరవడం ఆడవాళ్లందరూ చేసేదే. పొద్దుగూకాక అక్కడి నుంచి లేవడమే కష్టం. ఒకరు మోకాళ్లు పట్టుకుని లేస్తారు, ఒకరు పక్కవాళ్ల భుజం పట్టుకుంటారు. నేలకు చెయ్యి ఆనించకుండా, మూలగకుండా లేచేది మా కళ్లంలో నేనొక్కదాన్నే.

మా ఏరాలు, అంటే మా ఆయన అన్న భార్య, నన్ను చూసి మూతి తిప్పుకునేది. నా మోకాళ్లల్లో ఎవరో స్ప్రింగులు పెట్టారని అందరికీ చెప్పేది. ఆమె నాకంటే పెద్దది, బరువులోనూ పెద్దదే. వంటలు వేరైనా మా రెండిళ్ల చేను ఒకటే, కళ్లం ఒకటే. పనిలో ఎవరి చెయ్యి ముందని మా ఇద్దరికీ ఎప్పుడూ పోటీ ఉండేది. పైకి ఎవరం ఒప్పుకోలేదు గాని, ఆ పోటీ లేకపోతే ఇద్దరికీ పని సాగేది కాదు.

పసుపు రోజుల్లో మాకు ఒక అలవాటు ఉంది. అన్నాలు తిన్నాక ఒకరం చాప మీద బోర్లా పడుకుంటాం. పిక్కలకు గోరువెచ్చటి నూనె రాసి, రెండోవాళ్లు గోడ పట్టుకుని పాదాలతో మెల్లగా తొక్కుతారు. మడమ నుంచి మోకాలి మడత దాకా, మళ్లీ వెనక్కి. ఆమె కాళ్లు తొక్కాక నేను వంగి ఆమె పాదాలు ముట్టి కళ్లకద్దుకునేదాన్ని, పెద్దదానికి కాలు తగిలింది కాబట్టి. నా కాళ్లు తొక్కేటప్పుడు ఆమెకు ఆ బాధ లేదు. దర్జాగా ఎక్కేది, తొక్కుతున్నంతసేపూ ఊరి ముచ్చట్లు చెప్పేది.

ఆ ఏడు మా వాడలో జ్వరం ఇల్లిల్లూ తిరిగింది. ముక్కు కారడం, గొంతు నొప్పి, ఒళ్లు కాలిపోవడం. నాకూ వచ్చింది. సరిగ్గా అప్పుడే పసుపు ఉడకబెట్టే బాయిలర్ మా వంతుకు వచ్చింది. వంతు తప్పితే మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో తెలియదు, తవ్విన పసుపు కుప్పలుగా పడి ఉంది. జ్వరం కొంచెం తగ్గగానే, మెడికల్ షాపులో ఒళ్లునొప్పుల గోళీలు తెప్పించుకుని కళ్లంలోకి దిగాను. మా ఆయన వద్దన్నాడు. నేను వినే మనిషినైతే కదా.

ఆ సాయంత్రం కూర్చున్న చోటు నుంచి లేవబోతే పిక్కలు బిగుసుకుపోయాయి. పొద్దంతా పని చేస్తే వచ్చే నొప్పి నాకు తెలుసు. ఇది అది కాదు. ముట్టుకుంటేనే ప్రాణం పోతోంది. మా ఏరాలు నవ్వి చెయ్యి అందించింది. సిగ్గుపడుతూనే పట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఎప్పటిలాగే చాప వేసింది, నూనె కాచింది. ఆ రోజు నొప్పి గట్టిదని తొక్కడమూ గట్టిగానే తొక్కింది. నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని ఓర్చుకున్నాను. ఇంత నొప్పి పోవాలంటే ఇంత తొక్కుడు పడాల్సిందేనని ఇద్దరం అనుకున్నాం.

మర్నాటికి నొప్పి తొడల్లోకి పాకింది. ఒంటికి పోతే మూత్రం ఎరుపు కలిసిన గోధుమరంగులో వచ్చింది. ఇక్కడే మావాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు చేశాను. పసుపు రోజుల్లో మా ఇళ్లల్లో పచ్చగా కానిది ఏదీ ఉండదు. దిండు గలీబుకు పసుపు, చాయ్ గ్లాసు అంచుకు పసుపు, స్నానం చేసిన నీళ్లు పసుపు, చెమట తుడిచిన కొంగు పసుపు. బాయిలర్ డ్రమ్ము కింద కారే నీళ్లు కూడా అచ్చం ఆ గోధుమరంగులోనే ఉంటాయి. ఆవిరి పక్కన పొద్దంతా నిలబడ్డాను, లోపలికి పోయిన పసుపు బయటికి వస్తోందనుకున్నాను. మా ఏరాలికి చెబితే ఆమె కూడా అదే అంది. మజ్జిగ ఇచ్చింది. సాయంత్రం మళ్లీ తొక్కింది.

ఆ మరుసటి పొద్దున గడప దాటలేకపోయాను. కాలు లేవలేదు. రెండు చేతులతో తొడ పట్టుకుని, కాలును ఎత్తి గడప అవతల పెట్టుకుంటుంటే వాకిట్లో ఉన్న మా ఏరాలు చూసింది. చేతిలో చీపురు అక్కడే పడేసింది. మా ఆయన బాయిలర్ దగ్గర ఉన్నాడు, ఆయన కోసం ఆగలేదు. ఆటో పిలిచి, నన్ను చంటిపిల్లలా నడుం కింద చేతులు వేసి ఎత్తి కూర్చోబెట్టింది. ఆర్మూరులో దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ పిక్క మీద వేలు పెట్టగానే నేను ఒక్క అరుపు అరిచాను. ముందు జ్వరం వచ్చిందా అని అడిగింది. తర్వాత మూత్రం ఏ రంగులో వస్తోందని అడిగింది.

"పసుపు పని కదా మేడం, గట్లనే వస్తది" అన్నాను, ఆమెకు తెలియని సంగతి చెబుతున్నట్టుగా.

ఆమె నవ్వలేదు. పసుపు చేతికి అంటుతుంది గాని మూత్రంలో ఆ రంగు రాదు అంది. వెంటనే రక్తం తీయించింది. కండ దెబ్బతిన్నప్పుడు పెరిగేదొకటి ఉంటుందట, అది ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందంది. జ్వరం తెచ్చిన వైరసే కండల్లో వాపు తెచ్చిందని, ఆ కండ విరిగి, అందులోని ఎరుపు రక్తంలో కలిసి కిడ్నీల గుండా పోతోందని చెప్పింది. కిడ్నీలు మూసుకుపోతే మిషన్ మీద పెట్టాల్సి వస్తుందంది. నొప్పి గోళీలు ఆపేయమంది. మర్దన చేశారా అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా ఏరాలు అంది, "నేను తొక్కిన మేడం. రెండు పూటలు. మస్తు గట్టిగ తొక్కిన."

వాపున్న కండను తొక్కకూడదని, అయితే జబ్బు దానివల్ల రాలేదని, వైరస్ వల్లే వచ్చిందని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. ఆ రెండో మాట నేను విన్నాను. మా ఏరాలు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

నిజామాబాద్‌లో పెద్ద దవాఖానలో చేర్చారు. సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. మంచానికి వేలాడదీసిన మూత్రం సంచిని నేను పొద్దంతా చూస్తూ పడుకున్నాను. భయమేసింది. నాకు భయం వేయడం ఎవరూ చూసి ఉండరు, మా ఆయన చూశాడు. చేను పోతే మళ్లీ వేసుకోవచ్చు. కాళ్లు, కిడ్నీలు పోతే నేను నేను కాను. సంచిలో రంగు మొదట డికాషన్‌లా ఉండేది, తర్వాత పలచటి చాయ్‌లా మారింది, చివరికి మామూలు నీళ్లలా తేలింది. నర్సు సంచిని కిటికీ వెలుతురుకు పట్టి చూపించిన పొద్దున, గెలిచాననుకున్నాను. ఏడ్చాను కూడా.

మా ఏరాలు రోజూ అన్నం డబ్బా తెచ్చేది. వార్డులోకి రాకుండా మా ఆయన చేతికిచ్చి బయట బెంచీ మీద కూర్చునేది. ఇంటికొచ్చాక నా పనంతా ఆమే చేసింది. నా పసుపు ఆరబోసింది, పాలిష్ పట్టించింది, నా తల దువ్వింది. నా కాళ్ల వైపు మాత్రం చూసేది కాదు. నేను కర్ర పట్టుకుని వాకిట్లో నడుస్తుంటే లోపలికి వెళ్లిపోయేది. తప్పు నీది కాదక్కా అని ఎన్నిసార్లు చెప్పానో. నన్ను ఆటో ఎక్కించింది నువ్వేనని, ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదోనని కూడా చెప్పాను. తల ఊపేది, అంతే. మా ఇద్దరి మధ్య పోటీ కూడా పోయింది. నేను మెల్లగా విరుస్తుంటే ఆమె నాకంటే మెల్లగా విరిచేది. నాకు ఒళ్లు మండేది.

కాళ్లు నెమ్మదిగా తిరిగొచ్చాయి. డాక్టరమ్మ అన్ని పనులూ చేసుకోవచ్చని చెప్పింది. మళ్లీ పసుపు తవ్వే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం కళ్లంలో అందరూ మూలుగుతూ లేస్తుంటే నేను కొంగు బిగించి, చేతులు గాల్లోకి లేపి మరీ లేచి నిలబడ్డాను. ఆడవాళ్లంతా నవ్వారు. మా ఏరాలు కొమ్ముల గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు అన్నాలు తిన్నాక నేనే చాప పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. నూనె గిన్నె కూడా తీసుకెళ్లాను. ఆమె ముందు చాప పరిచి బోర్లా పడుకున్నాను.

"అక్కా, జర తొక్కరాదే. పిక్కలు గుంజుతున్నయి."

పాదం పడలేదు. వెళ్లిపోయిందేమో అనుకున్నాను. తల తిప్పి చూస్తే గోడకు ఆనుకుని నిలబడి ఉంది, కళ్ల నిండా నీళ్లు.

"ముందుగాల చెప్పు" అంది. "జరం ఉన్నదా?"

"లేదు."

"ఒంటికి ఏ రంగుల వస్తున్నది?"

"నీళ్ల లెక్కనే ఉన్నది. నమ్మకపోతే వచ్చి చూడు" అన్నాను.

నవ్వాపుకోలేక ముక్కు చీదింది. గిన్నెలో వేళ్లు ముంచి నా పిక్కలకు నూనె రాసింది, ఎక్కడైనా నొప్పి ఉందేమోనని వేలు వేలుకూ ఆగుతూ. తర్వాత గోడ పట్టుకుని ఒక పాదం ఆనించింది. బరువు వేయలేదు. ఇంకో పాదం పెట్టింది. అప్పటికీ బరువంతా గోడ మీదే ఉంది.

"గోడను తొక్కుతున్నవా, నన్ను తొక్కుతున్నవా" అన్నాను.

ఆమె గోడ వదిలేసింది.