ప్రారంభోత్సవం అత్తయ్య, నా కొత్త బూట్లు

మా మేనత్తకు ఒకటే జబ్బు. ఎవరు ఏ కొత్త వస్తువు కొన్నా దాన్ని ముందు ఆవిడే వాడాలి. వాడి, నాలుగు రోజులు అనుభవించి, ఆ తర్వాతే కొన్నవాళ్ళ చేతికిచ్చేది. వీధివీధంతా ఆవిడకు ప్రారంభోత్సవం అత్తయ్య అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడితే కోపం తెచ్చుకోవాల్సింది పోయి, ఎవరో ఏదో కొన్నారు కాబోలనుకుని చెప్పులేసుకుని బయలుదేరేది.

మా నాన్న రెయిన్‌కోటు కొంటే, వాన పడేదాకా ఆగలేక అది తొడుక్కుని స్నానాల గదిలో షవరు కింద నిలబడింది. పక్కింటివాళ్ళు పడక్కుర్చీ తెచ్చుకుంటే, ఒక్క కునుకు తీస్తానని అడిగి సాయంత్రం దాకా లేవలేదు. నాన్న కట్టుడుపళ్ళు పెట్టించుకున్నప్పుడు మాత్రం అమ్మ ఆ డబ్బాను కొంగున కట్టుకుని తిరిగింది.

"మా అక్క మరీ అంత పని చెయ్యదులే" అన్నాడు నాన్న, బోసినోటితో.

"మీ అక్క సంగతి మీకు తెలీదు" అంది అమ్మ.

అమ్మకు ఇదంతా ఒళ్ళుమంట. కొత్త దుప్పటి పరిచేసరికి దాని మీద ఆడబిడ్డ పడుకుని ఉంటే ఎవరికి మాత్రం మండదు? "మన బతుకంతా ఆవిడ ఎంగిలే" అనేది గిన్నెలు టపటపా సర్దుతూ. అత్తయ్య ఉండేది మా పై వాటాలోనే కాబట్టి ఆ మాట వినపడేది. విని, ఆ గిన్నెల్లో కొత్తవేమైనా ఉన్నాయేమోనని మెట్లు దిగి వచ్చేది.

అలాంటి ఇంట్లో నాకు ఉద్యోగం వచ్చింది. ఊరికి ఆ చివర ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబు. పొద్దున్నే మొదలు, రోజంతా నిలబడి చేసే పని. ఆలస్యంగా వచ్చేవాళ్ళను అక్కడి పెద్ద మేడం మొదటి నెలలోనే ఇంటికి పంపేస్తుందని ముందే చెవిన వేశారు. రెండు బస్సులు మారి వెళ్తే ఆ టైముకి అందుకోవడం కల్ల. అందుకని ఎవరో వాడిన మోటార్‌సైకిలు ఒకటి కొన్నాను. పాతది కాబట్టి దాని మీద అత్తయ్యకు మోజు కలగలేదు. కానీ నడపడం ఆవిడే నేర్పింది. సర్వీసంతా మోటార్‌సైకిలు మీద ఊరు తిరిగి నీళ్ళ మీటర్ల రీడింగు తీసిన మనిషి. రిటైరైనా ఆ ఖాకీ ప్యాంట్లు వదల్లేదు.

"చెప్పులేసుకుని బండెక్కావో, రోడ్డు విరగ్గొట్టేలోపు నీ కాళ్ళు నేనే విరగ్గొడతాను" అని నన్ను బూట్ల షాపుకి లాక్కెళ్ళింది.

షాపాయన ముందు మోకాళ్ళ దాకా వచ్చేవి తీశాడు. "ఇవేసుకుని రోజంతా నిలబడితే పిల్ల కాళ్ళు ఉడికిపోతాయి" అంది అత్తయ్య. తర్వాత మెత్తటి గుడ్డవి తీశాడు. ఆవిడ వాటిని తడిబట్ట పిండినట్టు పిండింది. రెండు మెలికలు తిరిగాయి. "ఇవి బూట్లా, మేజోళ్ళా?" అంది. ఆయన మొహం ముడుచుకుని, చీలమండ పైదాకా వచ్చే పొట్టి రకం వరసగా పరిచాడు. ప్రతి జతకూ చీలమండ రెండు పక్కలా బొటనవేలితో నొక్కి చూసింది. పడితే ఎముకకు దెబ్బ తగలకుండా లోపల పెట్టే గట్టి బిళ్ళ వేలికి అందకపోతే పక్కకు తోసేసింది. అడుగు వంచి చూసింది. మడమ పట్టుకుని ఊపి చూసింది. ఆఖరికి ఒక బూటులో కాలు పెట్టి, "బాబూ, ఇలా వచ్చి నా వేళ్ళ మీద నిలబడు" అంది.

"అమ్మా, నేను ఇంచుమించు క్వింటాలుంటాను."

"అందుకే నిన్ను పిలిచాను."

ఆయన నాకేసి చూశాడు. నేను పైకప్పుకేసి చూశాను. ఆయన నిలబడ్డాడు. అత్తయ్య మొహంలో ఏ మార్పూ లేకపోయేసరికి, తన సరుకు మీద తనకే గౌరవం పెరిగినట్టు కిందికి దిగాడు.

చివరకు రెండు జతలు మిగిలాయి. ఒకటి నల్లగా, జిప్పుతో, పైన పట్టీతో రోకలిబండలా ఉంది. రెండోది ముదురు గోధుమరంగు తోలు, సన్నటి తాళ్ళతో చూడముచ్చటగా ఉంది. రెండింట్లోనూ బిళ్ళలున్నాయి, రెండింటికీ ముందు భాగం గట్టిదే. నా మనసు తాళ్ళవాటి మీద పడింది.

"తాళ్ళున్నవి వద్దు" అంది అత్తయ్య.

"రోజూ వేసుకునేది నేను. ఆ నల్లవి వేసుకుని వెళ్తే నన్ను సెక్యూరిటీ గార్డనుకుంటారు."

పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. ఆవిడ కాసేపు ఆ తాళ్ళను వేళ్ళకు చుట్టి చూసి, "సరే, నీ ఇష్టం" అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపు, "నాదీ నీదీ ఒకటే సైజు కదా. ముందు నేను వేసుకుంటా" అంది.

ఆ రోజు నుంచీ మా ఇంటికి ప్రశాంతత లేదు. పొద్దున లేచింది మొదలు పై వాటాలో టకటకమని చప్పుడు. వంట చేస్తూ బూట్లు, బట్టలారేస్తూ బూట్లు, కూర్చుని పేపరు చదువుతూ కూడా బూట్లు. అమ్మ అన్నం వడ్డిస్తూ పైకి చూసేది. మేము పళ్ళెంలోకి చూసేవాళ్ళం.

"పిల్ల మొదటి ఉద్యోగం. ముచ్చటపడి కొనుక్కుంది. అదైనా వదలకూడదా ఆవిడ?"

"నేను చెప్తాలే" అనేవాడు నాన్న. పైకి వెళ్ళి, పేపరు సగం చదివి దిగి వచ్చేవాడు.

ఉద్యోగంలో చేరే ముందురోజు అమ్మే పైకి వెళ్ళింది. "వదినా, రేపటికి బూట్లు ఇచ్చెయ్యండి." "రేపు చూద్దాం" అంది అత్తయ్య. అమ్మ మారు మాట్లాడకుండా దిగి వచ్చింది. అలా మాట్లాడకుండా ఉండటం మా ఇంట్లో గిన్నెల చప్పుడు కన్నా ప్రమాదం.

తెల్లవారింది. నేను తయారై కిందికి వచ్చేసరికి అత్తయ్య హెల్మెట్ పెట్టుకుని, ఖాకీ ప్యాంటూ నా బూట్లూ వేసుకుని, బండి స్టార్ట్ చేసి కూర్చుంది.

"వెనక ఎక్కు. నేను దింపుతా. అక్కడ బూట్లు మార్చుకుందాం."

"అత్తయ్యా, నాకు టైమవుతోంది. దిగండి."

"టైమవుతోందనే ఎక్కమంటున్నా."

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆవిడ కళ్ళు బూట్ల మీదనుంచి కదల్లేదు. వాదిస్తే ఉద్యోగమే పోతుందని పళ్ళు బిగపట్టి, హెల్మెట్ పెట్టుకుని, చెప్పులతోనే వెనక ఎక్కాను.

వంతెన ఎక్కుతుండగా పైన ఎర్ర లైటు పడింది. ముందు కార్ల వరస ఆగింది. మా వెనక నీళ్ళ ట్యాంకరు ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది. అత్తయ్య బండి ఆపింది. ఆగిన బండి నిలవాలంటే కాలు కింద ఆనాలి కదా. అది ఆనలేదు. బండి మెల్లగా ఎడమవైపు ఒరగసాగింది.

"కోడలా" అంది అత్తయ్య, చాలా నెమ్మదిగా. "నీ ఎడమకాలు కింద పెట్టు."

"ఎందుకు?"

"నాది రావడం లేదు."

వంగి చూశాను. బూటు తాడు ముడి గేర్ల మీటకు ఉచ్చులా బిగుసుకుని ఉంది. ఆవిడ కాలు లాగినకొద్దీ బండి ఇంకా అటే వాలుతోంది. నేను కాలు కింద ఆనించాను. చెప్పు జారింది. బండి బరువూ, అత్తయ్య బరువూ, ఆ ఎత్తు రోడ్డూ కలిసి నా తొడ మీద పడ్డాయి. వెనక ట్యాంకరు హారను మోగింది. దాని ఇంజను రొద దగ్గరవుతోంది.

"ఆగడం లేదత్తయ్యా."

"అయితే వదిలెయ్. నువ్వు దూకు."

"మీరు?"

"దూకమన్నానా?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. దూకాను. బండి అత్తయ్య కాలి మీద పడింది. నేను రెండు చేతులూ పైకెత్తి ట్యాంకరుకి ఎదురుగా నిలబడ్డాను. బ్రేకులు కీచుమన్నాయి. బంపరు వచ్చి నా అరచేతులకు తగిలి ఆగింది.

ట్యాంకరు డ్రైవరూ, ముందు కారులోవాళ్ళూ దిగి బండి ఎత్తారు. డ్రైవరు కత్తితో తాడు కోశాడు. అత్తయ్య రోడ్డు మీద కూర్చుని, పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చీలమండ దగ్గర తోలు గీసుకుపోయి లోపలి బిళ్ళ కనపడుతోంది. కాలికి మాత్రం ఏమీ కాలేదు.

"సరుకు గట్టిదే" అంది. "తాళ్ళే దరిద్రం. నాకు షాపులోనే అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఎంత తిరిగినా చిక్కుకోలేదు. బండెక్కితే గానీ తెలియలేదు."

"అనుమానం ఉంటే ఎందుకు వేసుకున్నారు?"

"నేను వేసుకోకపోతే నువ్వు వేసుకుంటావు కదే."

వంతెన పక్కగా కూర్చుని బూట్లు విప్పింది. రెండు మడమలకూ ప్లాస్టర్లు. వాటి అంచుల్లో బొబ్బలు చిట్లి ఎర్రగా ఉన్నాయి. నేను ఆ మడమల్నే చూస్తుంటే కాళ్ళు వెనక్కి లాక్కుని నా చెప్పుల్లో దూర్చింది.

"కొత్త తోలు కరుస్తుందే. నీదేమో రోజంతా నిలబడే పని. మొదటి రోజే కుంటుకుంటూ వెళ్తే ఆ మేడం ఏమనుకుంటుంది?"

"ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఇస్తావా?"

తెగిన తాడునీ, రెండో బూటు తాడునీ పొట్టిగా ముడేసి, కొసలు లోపలికి దోపి, నా కాళ్ళకు తనే తొడిగింది. తోలు మెత్తగా, నాలుగేళ్ళుగా నేనే వాడుతున్నట్టు ఉంది. ఈసారి బండి నేను నడిపాను. పెద్ద మేడం గడియారం చూసి, నన్ను చూసి, తెల్లకోటు చేతికిచ్చింది.

సాయంత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మ అంతా విని, నాన్నతో, "ఆ పడక్కుర్చీ గుడ్డ నాసిదని తేలి పక్కింటివాళ్ళు షాపులో మార్చుకుని తెచ్చుకున్నారు, ఎప్పుడనుకున్నారు?" అంది. నాన్న ఆలోచించి, "అక్క పడుకుని లేచాకే" అన్నాడు. అమ్మ మందు సీసా, దూదీ తీసుకుని పైకి వెళ్ళింది.

సెలవురోజున అందరం కలిసి షాపుకి వెళ్ళి ఆ రోకలిబండల్లాంటి జిప్పు బూట్లు తెచ్చాం. కొత్తవి మెత్తబడ్డాక తాళ్ళ జత అత్తయ్య ఉంచుకుంటానంది. ఇంటికొచ్చి పెట్టె తెరవగానే ఆవిడ చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. అమ్మ అంతకన్నా ముందు పెట్టె లాక్కుంది.

"మీ మడమలు ఇంకా మానలేదు వదినా. ఈసారి నేను" అంది.

అత్తయ్య మొహం చిన్నబోయింది. అమ్మ పాదం మాకన్నా కాస్త పెద్దది. అయినా మూలిగి, ముక్కి, జిప్పు లాగింది. చీరె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచింది. వంటింట్లోకి వెళ్ళి పాలు దించి వచ్చింది. పై వాటా దాకా మెట్లెక్కి దిగింది. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ పేపరు ఊగుతోంది.

చీకటిపడే వేళకు అమ్మ వచ్చి అత్తయ్య ముందు నిలబడింది.

"వదినా, ఎడమ మడమ దగ్గర కొంచెం కరుస్తోంది."

అత్తయ్య చటుక్కున లేచి తన కుర్చీ ఆవిడకు జరిపింది. "కూర్చో. ఇలా తే, చూడనీ" అని నేల మీద చతికిలబడి, ఆ కాలు ఒళ్ళోకి తీసుకుంది.

నా బూట్లు ఆ వారమంతా నాకు దొరకలేదు.