నల్ల గుర్రం కాదు

ఇంగ్లండులో, సఫోక్‌లోని మా ఊరి పబ్బులో ఆదివారం మధ్యాహ్నాలు పాటలుంటాయి. ఎవరి పాట వారిదే. ఒకరి పాటను ఆ మనిషి బతికుండగా మరొకరు పాడకూడదు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, పొరుగువాడి పెళ్ళాన్ని లేవదీసుకుపోయినా మావాళ్ళు క్షమిస్తారేమో, పాటను లేవదీసుకుపోతే మాత్రం వాడి మొహం చూడరు.

మా పక్కింటి హెస్టర్ లార్టర్ చిన్నప్పటి నుంచీ అక్కడ మెలోడియన్ వాయిస్తోంది. ఛాతీకి తగిలించుకుని తిత్తి లాగుతూ వాయించే చిన్న పెట్టె అది. వారమంతా కోళ్ళ ఫారంలో పని. పోయిన ముసలివాళ్ళ పాటలన్నీ ఆమె గొంతులోనే ఉన్నాయి. మంచం పట్టాక వాళ్ళే పిలిచి అప్పగించినవి. అడక్కుండా ఒక్కటీ తీసుకోలేదు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్ళుమండేది.

వరదలో ఏరు దాటనని మొరాయించిన గుర్రం పాట పెర్సీ థర్కెటిల్‌ది. అతను పాడగా పక్కన వాయించీ వాయించీ హెస్టర్‌కు కంఠతా వచ్చేసింది. ఇంకెవరికీ పూర్తిగా రాదు. పక్షవాతం వచ్చి లేచాక పెర్సీకి మాట తిరిగొచ్చింది గానీ పాట రాలేదు. మొదటి మాట ఎత్తుకుని ఆగిపోయేవాడు. మేము తలలు దించుకునేవాళ్ళం.

"హెస్టర్‌కి ఇచ్చెయ్యరాదూ, అది నీతోనే పోతుంది" అన్నాను పెర్సీతో ఒకరోజు ఉండబట్టలేక.

"నన్ను పూడ్చాక పాడుకోండి. అంత తొందరేంటి మీకు?" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం హెస్టర్ గొంతెత్తింది. "నల్ల గుర్రం నీళ్ళ ఒడ్డున..."

బతికున్న మనిషి పాట, అతని ఎదుటే! పెర్సీ బల్ల గుద్దాడు.

"నల్లదెక్కడిదే పిల్లా? బూడిదరంగుది. ఇన్నేళ్ళూ చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?"

ఆ కోపంలోనే చరణమంతా పాడేశాడు. ఆమె రెండో చరణంలో వంతెన పెట్టింది. "అప్పటికి వంతెనే లేదు కదే!" అని అదీ పాడాడు. అలా తిట్టుకుంటూనే పాట చివరిదాకా వెళ్ళాడు.

"నాకూ వయసు మీద పడింది పెర్సీ, గుర్తుండి చావట్లేదు" అంది హెస్టర్.

చలికాలమంతా అదే తంతు. ఊరంతా నవ్వుకునేది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తప్పులు నోటికి అలవాటైపోతాయన్న భయంతో ఆమె ఇంటికి వెళ్తూ దారంతా సరైన చరణాలు గొణుక్కునేది. ఆ పాట చెడితే తన చేతులతోనే చెడుతుందని ఆమెకు తెలుసు.

మార్చిలో ఒక ఆదివారం, నల్ల గుర్రం దగ్గర పెర్సీ బల్ల గుద్దలేదు. హెస్టర్ ఆగి, మళ్ళీ "నల్ల గుర్రం" అంది.

"చాల్లే పిల్లా" అన్నాడు పెర్సీ. "నీకు తప్పు పాడటం చేతకాదని మొదటి వారమే తెలుసు నాకు. ఇంక తిట్టే ఓపిక లేదు. సరిగ్గా పాడు."

ఆమె మెలోడియన్ పక్కన పెట్టింది. ఏడుస్తూనే, ఒక్క మాట పొల్లుపోకుండా, మొదటి నుంచీ పాడింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. పల్లవి వచ్చినప్పుడు పెర్సీ కూడా మా అందరితోపాటు అందుకున్నాడు.