అమ్మవారికి చెప్పిన పేరు

వేట నిషేధం ముగిసి బోట్లు సముద్రంలోకి వెళ్లే రోజున విశాఖలో మా రేవువాళ్లకు ఒక ఆచారం ఉంది. ఒడ్డునున్న అమ్మవారి గుడి ముందు మా ఇంటి పెద్దకొడుకు నిలబడి ఒక్కొక్క బోటు పేరూ గట్టిగా చెప్పాలి. చెప్పిన బోటు అమ్మ కాపలాలో ఉన్నట్టు. చెప్పనిది ఆమె ఎరగనట్టు. ఒకప్పుడు రేవులో సగం బోట్లు మావే కనుక ఆ హక్కు మాకు వచ్చింది. బోట్లు పోయాయి. నేను ఉక్కునగరం క్వార్టర్లో ఉంటూ షిఫ్టులకు వెళ్తున్నాను. అయినా ఆ ఉదయం ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్లి, ఎవరి పలకరింపుకూ ఆగకుండా గుడి ముందు నిలబడతాను.

మేం చివరగా అమ్మిన బోటుకు నాన్న మా నాయనమ్మ పేరు పెట్టారు. కొన్నవాడు నాకు వరసకు బావ. వాళ్ల నాన్న మా వలలు మోసినవాడు. ఈ ఏడు బావ రంగులేయించి తన కూతురి పేరు రాయించాడు. నా తమ్ముడు ఆ బోటులోనే కూలికి వెళ్తున్నాడు. పేర్ల వరసలో ఆ బోటు దగ్గరికి వచ్చేసరికి నా నోట పాత పేరే వచ్చింది.

పక్కనున్న మేనత్త ఒక్కతే పట్టేసింది. "ఒరే, సచ్చిపోయిన మాయమ్మని ఏటకి పంపుతావేటి?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. బోట్లన్నీ తిరిగొచ్చాయి, ఆ ఒక్కటి తప్ప. తమ్ముడి ఫోను మోగడం లేదు. ఒడ్డున ఆడవాళ్ల మధ్య నుంచి మేనత్త నా వైపు చూసింది. ఈసారి నవ్వలేదు.

లేని బోటును అమ్మకు అప్పగించి, తమ్ముడున్న బోటును ఎవరికీ అప్పగించకుండా పంపించాను.

వానలోనే గుడికి నడిచాను. బావ అక్కడ తడుస్తూ ఉన్నాడు.

"పాత పేరు సెప్పీసినావంట గదా బావా," అన్నాడు మెల్లగా. తిడితే బాగుండేది. "ఇప్పుడైనా సెప్పు. మా పిల్ల పేరే గదా, నోరు నొప్పెడతాదేటి?"

ఆ పేరు నేనెప్పుడూ పైకి అనలేదు. పిలిచాను. గాలి హోరులో నాకే వినిపించలేదు. గడపకు నుదురు ఆనించి మళ్లీ పిలిచాను.

తెల్లారాక ఏదో కొత్త నంబరు నుంచి తమ్ముడు మాట్లాడాడు. "అన్నా, భీమిలి కాడ ఒడ్డు సేరినాం. అందరం బాగానే ఉన్నాం. బోటే పోనాది. రాయి తగిలి రెండు సెక్కలైపోనాది."

అమ్మ ఏ పేరు విన్నదో నాకు తెలియదు. వచ్చే ఏడు మళ్లీ ఆ గుడి ముందు నిలబడాలి. డ్యూటీకి వెళ్లే బస్సులో పేర్లన్నీ వరసగా లోలోపల చెప్పుకుంటున్నాను. వరసలో ఆ బోటు చోటు రాగానే ఆగుతాను. ఆ రెండు పేర్లలో ఏదో ఒకటి పెదవి దాటుతుందేమోనని పళ్లు బిగబట్టి, తర్వాతి బోటు పేరు అందుకుంటాను.