మసి చూసే మనిషి

ఆ ఇంజను హెడ్డు పగలడానికి కారణం నేనే. అప్పట్లో ఒప్పుకోకుండా నేరమంతా ఒక కానిస్టేబుల్ మీదికి నెట్టేశాను. ఇప్పుడు వయసైపోయింది, నిజం చెప్పుకుంటే పోయేదేమీ లేదు.

మాకొక పాత టూ స్ట్రోక్ బండి ఉండేది. మాకు అంటే ముగ్గురికి. ప్రొద్దుటూరులో వెల్డింగ్ షాపు నడిపే భాయ్, అదే షాపులో లేత్ మిషన్ పెట్టుకున్న జమ్మలమడుగు మామ, కరెంటాఫీసులో క్లర్కుగా ఉంటూ సాయంత్రమైతే వాళ్ల మధ్యకు చేరే నేను. పులివెందుల దాటాక లింగాల దారిలో తిన్నటి రోడ్డు చూసుకుని, రెండేసి బండ్లు పక్కపక్కన నిలబెట్టి పావుమైలు పందెం వేసేవాళ్లు. మా బండికి లైటు లేదు, బ్రేకు అంతంతమాత్రం, సీటు పేరుకే. ఆ పావుమైలు మాత్రం ప్రాణం పెట్టి ఉరికేది. దాన్ని నేను తుడిచినంత శ్రద్ధగా మా పిల్లల ముక్కులు కూడా తుడవలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అల్యూమినియం అతకడంలో భాయ్‌కీ మామకీ ఒక పద్ధతి ఉండేది. ఇనుము వేడెక్కితే ఎర్రబడుతుంది, మనకు తెలుస్తుంది. అల్యూమినియం రంగు మారదు. ఉన్నట్టుండి కరిగి చేతిలోనే కూలిపోతుంది. అందుకని ముందు పొగమంటతో ముక్కంతా మసి పట్టించి, తర్వాత మంట సరిచేసి వేడి చేసేవాళ్లు. మసి ఎగిరిపోయిన క్షణమే సరైన వేడి. కానీ మంట పట్టుకున్న మనిషి కళ్లకు నల్లద్దాలుంటాయి కదా, ఆయనకు మసి కనిపించదు. మామ పక్కన ఉత్త కళ్లతో కూర్చుని చూసి, "చాలు" అనేవాడు. ఆ మాట వినగానే భాయ్ అతుకు కడ్డీ కరిగించడం మొదలుపెట్టేవాడు.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. మామ ఊరు ఒక పార్టీ, భాయ్ వాళ్ల వీధి ఇంకో పార్టీ. వీళ్లిద్దరూ ఎవరి మీదా కట్టె ఎత్తినవాళ్లు కాదు. అయినా ఆ రోజుల్లో టీ అంగడికీ మంగలి షాపుకూ కూడా పార్టీ ఉండేది. ఒక శుక్రవారం భాయ్ నమాజుకు పోయి వచ్చేసరికి లేత్ మిషన్ ఉన్నచోట నాలుగు బోల్టు గుంతలూ, మామ చొక్కా తగిలించే మేకూ మిగిలాయి. మామ దాన్ని ట్రాక్టరుకెక్కించుకుని ఒక్కమాటైనా చెప్పకుండా జమ్మలమడుగు వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి భాయ్ అల్యూమినియం పని ఒప్పుకోలేదు. ఎవరైనా తెస్తే, "ఈడ చెయ్యం, పోప్పా" అనేవాడు. బండి మా ఇంటి వసారాలో పడుంది. రెండేళ్లు.

నాకు ఓర్పు తక్కువ. హెడ్డంటే సిలిండర్ మీద మూతలా కూర్చునే అల్యూమినియం ముక్క. దాని లోపలి గుంతను నింపి, మళ్లీ లేత్ మీద చిన్నగా కోయిస్తే బండికి ఇంకా ఊపు వస్తుందని వాళ్లిద్దరే ఒకప్పుడు అనుకున్నారు. వాళ్లను మళ్లీ కలపడానికి అదే నా సాకు. నింపాల్సింది భాయ్, కోయాల్సింది మామ. ఆ పాత బండికి ఇంకో హెడ్డు ఎక్కడా దొరకదు. అది పోతే బండి పోయినట్టే. బండీ పోతే వాళ్లిద్దరి మధ్య ఇక ఏమీ మిగలదని నా భయం.

వారం రోజులు బతిమాలితే భాయ్ ఒప్పుకున్నాడు. ఒక్కడే కూర్చుని, మాటిమాటికీ అద్దాలు నుదుటి మీదికి తోసి మసి చూసుకుంటూ, చెమటలు కక్కుతూ ఎలాగో నింపాడు. నూనె డబ్బాలో బూడిద పోసి అందులో హెడ్డు పూడ్చాడు.

"రేపు పొద్దున దాకా తియ్యొద్దు. నిదానంగా సల్లారల్ల. గాలి తగిలినా పగులుతాది" అన్నాడు.

నేను తల ఊపాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే డబ్బాను గోనెపట్టాలో చుట్టుకుని మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సు ఎక్కేశాను. బూడిదలోనే ఉంది కదా, దారిలో చల్లారుతుందిలే అనుకున్నాను.

దారిలో పోలీసులు బస్సు ఆపారు. అప్పట్లో అది మామూలే. కానిస్టేబుల్ నా డబ్బా మీద చెయ్యి పెట్టి వెనక్కి లాక్కున్నాడు.

"ఏందిది? ఎచ్చగుంది?"

"ఇంజను సామాను సార్. బూడిదలో పెట్టినాం."

ఎంత నిజం చెబితే అంత అనుమానం వచ్చింది. బస్సు ఖాళీ అయింది. మా వైపు బాంబు అనుకున్నది ఏది దొరికినా ముందు నీళ్లలో వేస్తారు. కానిస్టేబుల్ టీ అంగడి ముందున్న నీళ్ల తొట్టిలో డబ్బా బోర్లించేశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. కానిస్టేబులుతో సహా అందరూ నేల మీద బోర్లా పడ్డారు. నేనొక్కడినే నిలబడి, "అయ్యో నా హెడ్డు" అని ఏడ్చాను.

బాంబు కాదని తేలి నన్ను వదిలేశాక, జమ్మలమడుగులో మామ దాన్ని కిరసనాయిలుతో కడిగి వెలుతురులో పెట్టి చూశాడు. ప్లగ్గు రంధ్రం నుంచి అంచు దాకా వెంట్రుకంత పగులు. నేను పోలీసులను తిట్టడం మొదలుపెట్టాను. ఆయన వినలేదు. అతుకు మీద బొటనవేలితో రాస్తూ, "ఒగడే చేసినాడా?" అని అడిగాడు.

"ఔ మామా."

"మసి ఎవురు సూసినారు?"

"ఎవురూ లేరు. ఆయనే అద్దాలు ఎత్తి ఎత్తి సూసుకున్యాడు."

మామ లేచి, మందపాటి ఇనుప పలకకు హెడ్డును బోల్టులతో బిగించాడు, మళ్లీ వేడి చేసినప్పుడు వంకరపోకుండా. దాన్ని సంచిలో వేసుకుని షాపు మూసేశాడు. ప్రొద్దుటూరు బస్సెక్కుతుంటే ఆయన పార్టీవాళ్లు ఎవరైనా చూస్తారేమో అన్నాను.

"సూడనీ" అన్నాడు. బస్సు కదిలాక కిటికీలోకి చూస్తూ, "నేను ఆ షాపులో ఉంటే వాడికి మంచిది కాదని మావోళ్లు అన్యారు. చెప్పింటే వాడు నన్ను పోనిస్తాడా అల్లుడూ?" అన్నాడు. నాకు రెండేళ్లూ ఆయన మీద లోలోపల కోపం పెట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఎండ తగ్గేవేళకు షాపు చేరాం. భాయ్ మామను చూశాడు, సంచి చూశాడు, బూడిద డబ్బా ఎత్తుకుపోయిన నన్ను కళ్లతోనే కాల్చేశాడు. మామ పలకను బల్ల మీద పెట్టి తన పాత చోటులో గొంతుక్కూర్చున్నాడు. భాయ్ అద్దాలు పెట్టుకుని పొగమంటతో మసి పట్టించాడు. మంట సరిచేశాడు. ఈసారి అద్దాలు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"చాలు" అన్నాడు మామ.

భాయ్ కడ్డీని మంటకు తాకించాడు. అది నీళ్లలా కరిగి పగులులోకి దిగింది.

ఆ హెడ్డుతో పందెంలో గెలిచామా అని అడుగుతారు. లేదు, రెండో స్థానం. దాని గురించి నాకు పెద్దగా గుర్తు లేదు. గుర్తున్నది ఆ సాయంత్రమే. భాయ్ హెడ్డును బూడిదలో పూడ్చి మూత పెట్టి, నాకు అందనంత ఎత్తున అటక మీద పెట్టాడు. మామ సంచి చంకన పెట్టుకుని, బస్సు టైమైందని గొణుగుతూ గడప దాకా పోయాడు.

"రేపు పొద్దున దాకా అది ఆ డబ్బాలోనుంచి వచ్చేది లేదు" అన్నాడు భాయ్, అటక వైపే చూస్తూ. "నువ్వూ పోయేది లేదు."

మామ వెనక్కి వచ్చి చొక్కా విప్పి, రెండేళ్లుగా భాయ్ ఎవరినీ ఏమీ తగిలించనివ్వని మేకుకు తగిలించాడు.