దీపం వేళ కిటికీ

ఫిజీలో, మేముండే సువాలో పుస్తకాలకు బూజు ఊరికే పడుతుంది. తాతయ్య చేత్తో రాసుకున్న భజనల పుస్తకమైనా దక్కాలని, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ కొని దేవుడి గదిలో పెట్టాను.

రోజూ దాని ట్యాంకు నిండుతున్నా, నెల తిరిగినా గదిలో తేమ తగ్గలేదు. ఫిల్టర్ కడిగాను, కాయిల్ దుమ్ము దులిపాను, ట్యాంకు తీసి మళ్లీ బిగించాను. ఊహూఁ. అమ్మినవాణ్ణి నోరారా తిట్టుకున్నాను.

ఒక సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చాను. బయట వాన. అమ్మ దీపం పెట్టి, కిటికీ బార్లా తెరిచి, ఆ పుస్తకం చూసి పాడుకుంటోంది. దీపం వేళ కిటికీలు మూస్తే లక్ష్మి రాదని మా ఇంటి పట్టింపు. ఆ మిషను పాపం, ఊళ్లో వానంతా పీల్చలేక చస్తోంది.

"కిటికీ తెరవొద్దని నీకెన్నిసార్లు చెప్పాలమ్మా!" అని అరిచాను. నిజానికి ఒక్కసారీ చెప్పలేదు.

అమ్మ పుస్తకం మూసేసింది. మర్నాటి నుంచి పుస్తకాన్ని దేవుడి గదిలోనే వదిలి, వంటింట్లో దీపం పెట్టుకుని, గుర్తున్నంతవరకూ పాడేది. గుర్తురాని చోట ఆగిపోయేది. దేవుడి గది మాత్రం పొడిగా ఉండేది.

అమ్మ పోయాక పుస్తకం తెరిచాను. ఒక్క బూజు మచ్చ లేదు. ఆ సాయంత్రం పాడుతున్న పేజీలో, ఆమె గుర్తుగా పెట్టుకున్న దూది వత్తి పొడిపొడిగా అలాగే ఉంది.